నాలుగొందల తొంభై ఏడో కేసు

నా పేరు లక్ష్మీకాంత్. విజయవాడలో అరవై పడకల ఆసుపత్రిలో సర్జన్‌ని. పద్నాలుగేళ్ళుగా పొట్టకు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, లోపలికి కెమెరా దించి, రాళ్ళు చేరిన పిత్తాశయాలు తీసేస్తుంటాను. దాన్ని లాప్రోస్కోపీ అంటారు. మా పేషెంట్లు హోల్సు ఆపరేషన్ అంటారు. నిరుడు వేసవి దాకా నేను మాత్రం దాన్ని నా సొంత విద్య అనుకునేవాణ్ణి.

అలా అనుకోవడానికి నా దగ్గర ఒక లెక్క ఉండేది. అప్పటికి నాలుగొందల తొంభై ఆరు పిత్తాశయాలు తీశాను. ఒక్కదాంట్లో కూడా మధ్యలో కెమెరా బయటికి లాగేసి, పాత పద్ధతిలో పొట్ట కోయాల్సిన అవసరం రాలేదు. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా వందలో కొన్ని అలా తెరవాల్సి వస్తాయని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు నన్ను చూడలేదని సరిపెట్టుకున్నాను.

ఈ లెక్క ఒక డైరీలో రాసుకుని బీరువాలో దాచుకునేవాణ్ణి. ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. ఆగస్టులో మా ఊళ్ళోనే సర్జన్ల సభ ఒకటి ఉంది. దానికి 'అయిదొందల పిత్తాశయాలు, ఒక్క కోత కూడా లేకుండా' అని శీర్షిక పంపించేశాను. అయిదొందలు ఇంకా పూర్తి కాలేదు. అయినా మొదటి స్లైడ్ మీద పెట్టడానికి చేతులు కట్టుకుని ఫొటో కూడా తీయించుకున్నాను. ఏడు తీయించి, బట్టతల తక్కువ కనిపించేది ఎంచుకున్నాను.

జూన్ మూడో వారంలో బసవపున్నయ్యగారు వచ్చారు. ఉయ్యూరు అవతల పల్లెటూరు. నాలుగెకరాల్లో చెరుకు వేస్తారు. అరవై ఒక్కేళ్ళు, షుగరు ఉంది. రెండు నెలలుగా తిన్న తర్వాత కుడి పక్కన డొక్కలో నొప్పి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాసని చెప్పి మాత్రలిచ్చాడు. నొప్పి మూడుసార్లు తగ్గి నాలుగుసార్లు వచ్చింది. చివరిసారి జ్వరం కూడా వచ్చేసరికి భార్య పద్మావతమ్మగారు ఆయన్ని బస్సెక్కించి తీసుకొచ్చారు.

వాళ్ళు నా దగ్గరికే ఎందుకొచ్చారంటే, బస్సు బందరు రోడ్డు మీద వస్తుంటే మా ఆసుపత్రి ఫ్లెక్సీ కనిపించింది. దాని మీద నా బొమ్మ. కింద 'కోత లేదు, కుట్టు లేదు, మూడో రోజు ఇంటికి' అని పెద్ద అక్షరాలు. ఆ మాటలు నేనే చెప్పి రాయించాను. నిజానికి రంధ్రానికి ఒకటి చొప్పున కుట్లుంటాయి. కానీ ఆ సంగతి రాస్తే ప్రాస చెడుతుంది.

స్కానింగులో పెద్ద రాయి, పిత్తాశయం గోడ బాగా మందంగా ఉంది. అలాంటప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది: రంధ్రాలతోనే మొదలుపెడతాం, కుదరకపోతే పొట్ట తెరుస్తాం అని. అంగీకార పత్రంలో ఆ వాక్యం అచ్చువేసే ఉంటుంది. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడానికి నేను వేలు పెట్టే చోటు సరిగ్గా ఆ వాక్యం మీదే. పద్మావతమ్మగారు మాత్రం అడగనే అడిగారు, కోసే పని ఉండదు కదండీ అని.

"నా చేతిలో అయితే ఉండదమ్మా" అన్నాను.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టాం. మత్తు ఇచ్చేది డాక్టర్ వినీల. నాకంటే పదేళ్ళు చిన్న, తక్కువ మాట్లాడుతుంది. పనిముట్లు అందించేది థియేటర్ సిస్టర్ అమలమ్మగారు. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. మా దగ్గరికి రాకముందు ఇరవయ్యేళ్ళు మిషన్ ఆసుపత్రిలో, పొట్టలు బారున కోసే పాతకాలపు సర్జన్ల దగ్గర పనిచేశారు. కొత్త పద్ధతులు ఆవిడకి అంతగా తెలియవని నా అభిప్రాయం. ఆ సంగతి నలుగురి ముందు రెండు మూడుసార్లు నవ్వుతూ అన్నాను కూడా. ఆవిడ నవ్వలేదు.

మామూలుగా కెమెరా లోపలికి వెళ్ళగానే కాలేయం కింద ఆకుపచ్చగా సంచి వేలాడుతూ కనిపిస్తుంది. ఆ రోజు సంచే కనపడలేదు. చుట్టూ కొవ్వు వచ్చి అతుక్కుపోయింది. దాన్ని విడదీయడానికే నలభై నిమిషాలు పట్టింది. విడదీశాక చూస్తే అడుగున అంతా ఒకటే తెల్లటి ముద్ద. అక్కడ రెండు గొట్టాలు విడివిడిగా కనిపించాలి. ఒకటి పిత్తాశయానిది, దాన్ని క్లిప్పులు వేసి కత్తిరించాలి. రెండోది కాలేయం నుంచి పేగుకి పైత్యం తీసుకెళ్ళేది, దాని జోలికి పోకూడదు. పొరపాటున దాన్ని కత్తిరిస్తే పచ్చకామెర్లు, ఇంకో పెద్ద ఆపరేషను, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు.

బుద్ధి ఉన్నవాడు ఆ నలభయ్యో నిమిషంలోనే కెమెరా తీసేసి పొట్ట తెరిచేవాడు. నేను గంట దాటాక ఏసీ పెంచమన్నాను. గంటంపావుకి కెమెరా సరిగా తుడవలేదని విసుక్కున్నాను. గంటన్నరకి ముద్దలోంచి ఒక గొట్టం కొంచెం బయటపడింది. అదే పిత్తాశయం గొట్టమని తేల్చేసుకున్నాను. తేల్చుకోవడానికి రెండు కారణాలు. అది ఇంచుమించు ఉండాల్సిన చోటే ఉంది. ఇదయిపోతే అయిదొందలకి ఇంక మూడే మిగులుతాయి. రెండో కారణం నా మనసులో ఉందని అప్పుడు ఎవరైనా అని ఉంటే గొడవ పెట్టుకునేవాణ్ణి.

పేషెంటు తల దగ్గర కట్టిన గుడ్డ తెర అవతల నుంచి వినీల చిన్న గొంతుతో అడిగింది. "సార్, ఇది నాలుగొందల తొంభై ఏడు కదండీ?"

నీకెలా తెలుసన్నాను. క్యాంటీన్లో కూడా తెలుసని చెప్పింది.

నేను తెర వైపు చూడకుండా క్లిప్ అడిగి చెయ్యి చాచాను. చేతిలోకి క్లిప్ రాలేదు. అమలమ్మగారు స్క్రీన్ వైపు చూస్తున్నారు.

"సార్, అది ఏ గొట్టమో మీకు కనపడిందాండీ?"

పద్నాలుగేళ్ళలో థియేటర్లో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాకు కోపం వచ్చింది. మీ పని మీరు చూసుకోండి అనడానికి తలెత్తాను. ఆవిడ పక్కన పచ్చగుడ్డ కప్పిన రెండో బల్ల కనిపించింది. పొట్ట తెరవడానికి కావలసిన పెద్ద పనిముట్ల సెట్టు అది. ఎవరు తెమ్మన్నారని అడిగాను.

"ఎవరూ అన్లేదండి. అరగంట కిందటే తెప్పించాను. వద్దంటే మళ్ళీ లోపల పెట్టేస్తాను."

మళ్ళీ స్క్రీన్ వైపు చూశాను. కనపడిందని ఒక్క మాట అంటే చాలు, క్లిప్ చేతికి వచ్చేస్తుంది. ఆవిడ ఇంక అడగరు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా.

"కనపడలేదు" అన్నాను.

కుడి డొక్క కింద జానెడు కోత పెట్టాను. చెయ్యి లోపలికి పోనిచ్చి, కెమెరాలో గంటన్నరకీ తెలియనిదాన్ని వేళ్ళతో పది నిమిషాల్లో పోల్చుకున్నాను. నేను క్లిప్ పెట్టబోయిన గొట్టాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే అది పిత్తాశయంలోకి వెళ్ళలేదు. పైన కాలేయంలోంచి వచ్చి కింద పేగు వైపు దిగింది.

మళ్ళీ పై నుంచి పేగు దాకా వేళ్ళతో తడిమి చూశాను. వినీల ఏమైందని అడిగింది. "నేను కత్తిరించబోయింది దీన్నే" అన్నాను. అమలమ్మగారు తర్వాత కావలసిన పనిముట్టు నా అరచేతిలో పెట్టారు.

పిత్తాశయం మెడ దగ్గర విడదీయరానంతగా అతుక్కున్న కాస్త భాగాన్ని అలాగే ఉంచి కుట్టేసి, మిగతాదంతా తీసేశాను. మొత్తం మూడు గంటలు పట్టింది.

బయట పద్మావతమ్మగారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వరండాలో నడుస్తూ నేను కొన్ని మాటలు కూర్చుకున్నాను: 'అనివార్య పరిస్థితుల దృష్ట్యా', 'పేషెంటు క్షేమం కోరి' లాంటివి. ఆవిడ లేచి నిలబడేసరికి అవన్నీ ఎగిరిపోయాయి. లోపల అతుక్కుపోయిందని, పొట్ట కోశానని, ప్రమాదమేమీ లేదని చెప్పాను. ఆవిడ ఊపిరి పీల్చుకుని అడిగారు.

"మరి ఫ్లెక్సీ మీద కోత లేదని వేశారేంటండీ?"

దెప్పడానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగారు.

"అలా వేయకూడదమ్మా. తప్పు నాదే" అన్నాను. కలిసినప్పటి నుంచి ఆవిడకి నేను చెప్పిన మొదటి నిజం అదే అనుకుంటాను.

హోల్సు ఆపరేషన్ అయినవాళ్ళు సాయంత్రానికే లేచి కారిడార్లో తిరుగుతారు. బసవపున్నయ్యగారు మర్నాడు మధ్యాహ్నానికి గాని మంచం దిగలేదు. దగ్గితే నొప్పి, నవ్వితే నొప్పి. గొట్టంతో ఊపిరి పీల్చి బంతులు లేపే ప్లాస్టిక్ డబ్బా ఇస్తే, మూడో బంతి లేవట్లేదని పద్మావతమ్మగారు రోజూ నాకు ఫిర్యాదు చేసేవారు. నాలుగో రోజు కోత చివర ఎర్రబడి చీము పట్టింది. రెండు కుట్లు విప్పి కట్టు కట్టాల్సి వచ్చింది. ఆ కట్టు రోజూ నేనే మార్చాను. మా నర్సులు దాన్ని వింతగా చూశారు. బసవపున్నయ్యగారు తన పొట్ట చూసుకుని, మా పొలంలో నాగటిచాలు ఇంత తిన్నగా రాదండీ అని మెచ్చుకున్నారు. ఎనిమిదో రోజు ఇంటికెళ్ళారు.

ఇదంతా జరుగుతుండగా నేనేం చేస్తున్నానో కూడా చెప్పాలి. డైరీ ముందు పెట్టుకుని ఆ కేసుని లెక్కలోంచి ఎలా తప్పించాలా అని చూస్తున్నాను. ముందు, ఇది జ్వరం వచ్చి తగ్గిన కేసు కాబట్టి నా వరుసలోకి రాదు అని ఒక నియమం రాశాను. ఆ నియమం ప్రకారం పాతవి ఇంకో అరవై కూడా ఎగిరిపోయాయి. నియమం మార్చాను. ఈసారి బసవపున్నయ్యగారొక్కరే బయటికి పోవాలంటే 'ఉయ్యూరు వైపు నుంచి వచ్చినవారు మినహా' అని రాయడం ఒక్కటే మిగిలింది. మూడు రోజులు ఇదే పని. మెడికల్ కాలేజీ పరీక్షలకి కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

చివరికి ఇంకో తెలివి వచ్చింది. ఒక్క కోతని దాచడం కన్నా, మిగతావాళ్ళంతా ఎంత హాయిగా ఉన్నారో చూపిస్తే సభలో ఆ ఒక్కటీ ఎవరి కంటికీ ఆనదు. మా రిజిస్టరులో ఫలితం అని ఒక గడి ఉంటుంది. నాలుగొందల తొంభై ఆరు మందికీ అందులో 'బాగుంది' అని నా చేతిరాతే. ఆ మాట మూడో రోజు ఇంటికి పంపేటప్పుడు రాసింది. నాలుగో రోజు నుంచి వాళ్ళేమయ్యారో నాకు తెలియదు. అయినా బాగుందనే నమ్మకం. ఆ నమ్మకంతోనే, గత మూడేళ్ళవాళ్ళకి ఫోన్లు చేసి ఆ మాట వాళ్ళ నోటితోనే చెప్పించుకుందామని మొదలుపెట్టాను.

మొదటి ఇరవై మందీ బ్రహ్మాండంగా ఉన్నామన్నారు. ఇరవై ఒకటో ఫోను చేస్తుంటే అమలమ్మగారు సంతకం కోసం గదిలోకి వచ్చి, ఫోను అయ్యేదాకా నిలబడ్డారు. పెట్టేశాక అన్నారు, అంతా బాగానే ఉంది కదా అని డాక్టరుగారు అడిగితే బాగానే ఉందనే అంటారండి అని. కాగితం మీద సంతకం చేయించుకుని వెళ్ళిపోయారు.

ఆ ఇరవై మందికీ మళ్ళీ చేశాను. ఈసారి, ఇంటికెళ్ళాక ఎలా గడిచిందో చెప్పమని అడిగి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేని పని. మూడు వారాల్లో నూట డెబ్బై రెండు మంది దొరికారు. ఎక్కువమంది నిజంగానే బాగున్నారు. వారానికల్లా పనిలోకెళ్ళినవాళ్ళు, ఏ పక్కన ఆపరేషనయిందో మర్చిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. మంగళగిరిలో చీరల కొట్టు నడిపే ఒకావిడకి బొడ్డు దగ్గర రంధ్రంలోంచి పేగు ఉబుకుతోంది. అది మామూలేమో అనుకుని చీర కుచ్చిళ్ళు బిగించి కట్టుకుంటోందట. వెంటనే రమ్మన్నాను. ఇద్దరికి నొప్పి పోలేదు.

శౌరయ్య అనే ఆయన ఫోనెత్తి, నా పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"ఇప్పుడు చేశారేంటండీ?" అన్నాడు.

ఫోనులో ఏమీ చెప్పనన్నాడు. కావాలంటే ఆటోనగర్ రమ్మన్నాడు. వెళ్ళాను. లేతు మిషను మీద లారీ సామాన్లు తయారుచేసే పని ఆయనది. నలభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి మిషను ఆపి, చేతులు తుడుచుకుని, కూర్చోవడానికి స్టూలు జరిపాడు.

రెండేళ్ళ కిందట నేనే ఆపరేషను చేసి మూడో రోజు పంపించాను. ఆరో రోజుకి పొట్ట ఉబ్బి జ్వరం వచ్చింది. మా ఆసుపత్రికి ఫోను చేస్తే ఎవరో ఎత్తి, గ్యాసు పట్టి ఉంటుంది, మాత్ర వేసుకోండి అన్నారు. రెండు రోజులు మాత్రలు వేసుకున్నాడు. ఇంక లేవలేని స్థితిలో గుంటూరులో ఉన్న వాళ్ళ అక్క వచ్చి అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. లోపల పైత్యం కారుతోందని తేలింది. పొట్ట పక్కన గొట్టం వేసి మూడు వారాలు ఉంచారు. నోట్లోంచి కెమెరా పంపి లోపల ఇంకో చిన్న గొట్టం పెట్టారు. యాభై రోజులు మిషను ముట్టుకోలేదు.

చొక్కా పైకెత్తి చూపించాడు. అయిదు మచ్చలున్నాయి. నాలుగు నావి. అయిదోది గుంటూరుది.

పల్లెటూరి ఆర్‌ఎంపీ గ్యాసన్నాడని నేను బసవపున్నయ్యగారి దగ్గర ఎంత వెటకారంగా నవ్వానో అక్కడ గుర్తొచ్చింది. అయినా నోరు ఊరుకోదు కదా, అప్పుడు నా దగ్గరికే ఎందుకు రాలేదని అడిగాను. నేను అడిగిన తెలివితక్కువ ప్రశ్నల్లో దానికి సాటి లేదు.

"మీరు బాగుందని రాసిచ్చారు కదండీ" అన్నాడు శౌరయ్య. "బాగున్నోణ్ణి మళ్ళీ ఎట్టా రానండీ?"

ఆయన గొంతులో కోపం లేదు. తప్పయిందని చెప్పాను. పర్వాలేదని ఆయన అనలేదు. అంటాడేమోనని నేను కాసేపు స్టూలు మీదే కూర్చున్నాను. ఆయన లేచి, పనుందండీ అని మిషను వేసుకున్నాడు.

ఆసుపత్రికి వచ్చి రిజిస్టరు తీశాను. ఆయన నంబరు మూడొందల ఎనభై ఎనిమిది. ఎదురుగా 'బాగుంది'. దాన్ని కొట్టేసి, జరిగింది రాశాను. గడి సరిపోలేదు, పక్క గడిలోకి కూడా వెళ్ళింది. ఆ వారంలోనే ఫ్లెక్సీ దింపించాను. ఆపరేషనయి ఇంటికెళ్ళినవాళ్ళు ఫోను చేస్తే నాకే ఇవ్వమని కౌంటర్లో చెప్పాను. అప్పటి నుంచి భోజనం మధ్యలో ఎప్పుడూ లేవాల్సిందే.

ఆగస్టు మొదట్లో బసవపున్నయ్యగారు చూపించుకోవడానికి వచ్చారు. కోత మానింది. చెరుకు తోటలో ఎండాకు దూసి మోపులు కట్టడానికి వెళ్తానని పేచీ. మూడు నెలలు బరువులెత్తడానికి వీల్లేదని, ఎత్తితే కోత దగ్గర పేగు బయటికొస్తుందని, ఏ వాక్యం మీదా వేలు పెట్టకుండా వివరంగా చెప్పాను. నేను చూసుకుంటాలెండి అని పద్మావతమ్మగారు ఆయన చేతిలోంచి సంచి లాక్కున్నారు.

సభలో నా వంతు భోజనాలకి ముందు వచ్చింది. నలభై మంది దాకా ఉన్నారు, సగం మంది తలుపు వైపు చూస్తున్నారు. శీర్షిక మార్చమంటే కరపత్రాలు అచ్చయిపోయాయన్నారు. అందుకని లేవగానే, కరపత్రంలో ఉన్నది నిజం కాదని చెప్పి మొదలుపెట్టాను. నాలుగొందల తొంభై ఏడింటిలో ఒకటి తెరిచానని, నలభయ్యో నిమిషంలో తెరవాల్సింది గంటన్నరకి తెరిచానని, ఎందుకు ఆలస్యం చేశానో, ఏ గొట్టం కత్తిరించబోయానో, మా సిస్టర్ అమలమ్మగారు ఏమడిగి ఆపారో కూడా చెప్పాను. ఫోన్లలో తెలిసినవి చెప్పాను. పొట్ట కోసినాయన ఇంటికెళ్ళి పొలం చూసుకుంటున్నాడు, కోత లేకుండా చేసినాయన యాభై రోజులు మంచాన పడ్డాడు. నా డైరీలో మొదటిది మచ్చ, రెండోది విజయం అన్నాను. రంధ్రాల ఆపరేషనే చాలామందికి మేలు, రేపు నాకు రాయి వచ్చినా అదే చేయించుకుంటాను, కాకపోతే చేసేవాడికి డైరీ ఉందేమో ముందు కనుక్కుంటాను అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఒకాయన లేచి, మీ కెమెరా పాత మోడల్ అయి ఉంటుందన్నాడు. ఇంకొకాయన, ఇలాంటివి బయట చెప్తే పేషెంట్లు భయపడతారన్నాడు. తర్వాత అందరూ భోజనాలకి లేచారు.

చేతులు కడుక్కునే చోట బందరు నుంచి వచ్చిన డాక్టర్ ఫిలిప్‌గారు నా వెనక నిలబడ్డారు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. మా తరం సర్జన్లలో చాలామందికి ఆయన దగ్గర పని నేర్చుకున్నామని చెప్పుకోవడం గొప్ప. కుళాయి కట్టేసి పక్కకి జరిగాను. ఆయన చేతులు కడుక్కోలేదు.

"నువ్వు కత్తిరించబోయానన్నావే, ఆ గొట్టం" అన్నారు. "నేను కత్తిరించాను. అప్పుడు కెమెరాలెక్కడివి, బారెడు కోత పెట్టే చేశాను. అయినా కత్తిరించాను."

ఆ పేషెంటు పేరు చెప్పారు. ఊరు కూడా చెప్పారు. ముప్పై రెండేళ్ళయిందట. ఆ సంగతి తన ఇంట్లో కూడా చెప్పలేదట.

తర్వాత అమలమ్మగారి గురించి అడిగారు. ఏ ఊరు, ఎక్కడ పనిచేసేవారు, ఇంకా సర్వీసులో ఉన్నారా అని. ఉన్నారని, అక్టోబరు దాకా ఉంటారని చెప్పాను.

"నా థియేటర్లో కూడా ఒకావిడ అడిగింది" అన్నారు ఫిలిప్‌గారు. "నోరు మూసుకోమన్నాను."

నేను కూడా అనబోయానండీ అన్నాను. అది ఉపన్యాసంలో చెప్పలేదు. ఆయన నా వైపు ఒకసారి చూసి, చేతులు కడుక్కున్నారు. ఇద్దరం ప్లేట్లు తీసుకుని, గోడవార ఖాళీగా ఉన్న రెండు కుర్చీల్లో కూర్చున్నాం. ఆపరేషనయ్యాక బయటికొచ్చి నీ పేషెంటు ఇంటివాళ్ళకి ఏమని చెప్పావని ఆయన అడిగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను.